ఆదివారానికి ముందు ఆరు పొద్దులు

పొద్దున అయిదుంపావు. ఉస్మానియా క్యాంపస్‌లో చెట్ల కింద చీకటి ఇంకా కదల్లేదు. ఆర్ట్స్ కాలేజీ ముందు రోడ్డు మీద నడకకు వచ్చినవాళ్లు చేతులూపుకుంటూ పోతున్నారు. 1939లో తెరిచిన ఆ గులాబీ రాతి భవనం ఈ వేళప్పుడు వట్టి బూడిద రంగు. అసలు రంగు తేలాలంటే దాని మీద ఎండ పడాలి. అడిక్‌మెట్ వైపు నుంచి అజాన్ వినిపిస్తోంది. అది ముగిసేలోపే ఇంకోపక్క ఏదో గుడి మైకు సుప్రభాతం అందుకుంది. ఇదే గడియలో మైకు లేకుండా మొదలయ్యే ప్రార్థనలు కూడా ఈ చుట్టుపక్కల చాలా ఉన్నాయి. అవి వినాలంటే దగ్గరికి వెళ్లాలి. రండి.

హాస్టళ్లకు పోయే దారిలో రాతి బెంచీ మీద ముగ్గురు కుర్రాళ్లు కూర్చున్నారు. ఒకడి ఒళ్లో గ్రూప్స్ మెటీరియల్, దాని మీద అట్ట నలిగిన తెలుగు బైబిలు. ఫోన్ టార్చి వెలుగులో ఒక కీర్తన చదువుతున్నారు, తలా రెండు వచనాలు. చదవడం అయ్యాక కాసేపు ఎవరూ మాట్లాడరు. తర్వాత ఒక్కొక్కరూ తమకు తగిలిన మాట చెబుతారు. పెద్ద వ్యాఖ్యానాలేమీ కావు. "ఇక్కడ దావీదు గూడ భయపడ్డడు" అంటాడొకడు. అంతే. తలలు వంచి ప్రార్థన చేసుకుంటారు. అంతా కలిపి ఇరవై నిమిషాలు పట్టదు.

1954లో మొదలైన యు.ఇ.ఎస్.ఐ. అనే విద్యార్థి సహవాసం దేశమంతటా కాలేజీల్లో అలవాటు చేసిన పద్ధతి ఇది. గుడి అక్కర్లేదు, పాస్టరు అక్కర్లేదు. చదువుకునే పిల్లలే నలుగురు కూర్చుని వాక్యం చదువుకుంటారు. దానికి ముందు ఎవరికి వాళ్లు ఒంటరిగా కొంతసేపు గడపాలి. దాన్ని క్వైట్ టైమ్ అంటారు. అందుకో నోట్‌బుక్ పెట్టుకుంటారు: తేదీ, చదివిన అధ్యాయం, కింద ఒకటి రెండు మాటలు.

ఈ ముగ్గురూ నల్గొండ, ఖమ్మం వైపు నుంచి వచ్చినవాళ్లు. డిగ్రీలు అయిపోయాయి, వయసు నడుస్తోంది. నోటిఫికేషన్ వస్తే పరీక్ష వాయిదా, పరీక్ష అయితే కోర్టు కేసు. ప్రార్థన చేస్తే ఉద్యోగం వస్తుందని వీళ్లలో ఎవరూ మీకు చెప్పరు. బైబిలు సంచిలో పెట్టుకుంటూ ఒకతను అంటాడు: "రిజల్ట్ కోసం దేవుణ్ని అడుగుతనే ఉంటన్నా. గానీ పొద్దుగాల ఇక్కడ కూసోకుంటే ఆ రోజంత ఫోన్‌ల గ్రూపులు చూసుకుంట భయపడుతనే ఉంట." ఇంతకంటే నిజమైన సాక్ష్యం నేను పెద్ద పెద్ద సభల్లో కూడా వినలేదు.

క్యాంపస్ దాటి తార్నాక వైపు వద్దాం. మెట్రో స్టేషన్ మెట్ల దగ్గర టీ బండి వెలిగింది. ఆర్టీసీ ఆసుపత్రి వెనక సందులో, రెండో అంతస్తులో మా మేనత్త ఇల్లు. చెప్పులు గుమ్మం బయటే విడవండి. లోపల గోడకు ఈ ఇంటికి యజమాని క్రీస్తే అని చెప్పే ఫ్రేము, దాని పక్కన రోజుకో వాక్యం అచ్చేసిన క్యాలెండరు. ఫ్రేము మూలలో డిసెంబర్ 31 అర్ధరాత్రి ఆరాధనలో తీసిన, బైబిలు వాక్యం ఉన్న వాగ్దానం కార్డు దోపి ఉంది. అత్త చాప మీద కూర్చుంది. మోకాళ్లు అరిగిపోయాయి, ఇప్పుడు మోకరించలేదు. అందుకే గోడకు ఆనుకుని, కాళ్లు చాపి, తల మీద కొంగు కప్పుకుంటుంది. కొడుకు నిద్రమొహంతోనే పక్కన చేరాడు. కోడలు పొయ్యి మీద పాలు సిమ్‌లో పెట్టి వచ్చింది. తొమ్మిదో తరగతి మనవడి చేతిలో తాత బైబిలు.

"నిన్న ఏడ ఆపినం బిడ్డా?"

"సంఖ్యాకాండం ఇరవై అయిదు అయిపోయింది నానమ్మా. ఇయాల ఇరవై ఆరు. అబ్బో, అన్నీ పేర్లే. ఇవన్నీ చదవాల్నా?"

"చదువు. దేవుడు రాయించినంక మనం విడిచిపెడుతమా?"

ఆ అధ్యాయం జనాభా లెక్క. గోత్రం తర్వాత గోత్రం, వంశం తర్వాత వంశం, 65 వచనాలు. వాడు తడబడుతూ, కూడబలుక్కుంటూ చదువుతాడు. బైబిల్లో మొత్తం 1189 అధ్యాయాలు. రోజుకు మూడు, ఆదివారాలు అయిదు చొప్పున చదివితే ఏడాది తిరిగేసరికి పూర్తవుతుందని తెలుగు క్రైస్తవుల ఇళ్లలో పెద్దలు లెక్క చెబుతారు. సామెతల గ్రంథానికి 31 అధ్యాయాలు కాబట్టి తేదీని బట్టి ఒక్కోటి చదివేవాళ్లూ ఉన్నారు. ఈ ఇంట్లో అందరూ కలిసి చదివేది మాత్రం రోజుకు ఒక్కటే. ఏదీ దాటెయ్యరు. లేవీయకాండంలోని కుష్ఠు నియమాలూ దాటెయ్యరు, ఈ పేర్లూ దాటెయ్యరు.

మామయ్య లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యాడు. ఆయన పోయాక కూడా ఆయన బైబిలే చదువుతున్నారు. మార్జిన్లలో ఎర్ర పెన్సిలు గీతలు, తేదీలు, చిన్న చిన్న మాటలు: పాపకు జ్వరం, ఓవర్‌టైమ్ ఇచ్చారు, స్తోత్రం, అమ్మ పోయింది. వాక్యం ఒక పక్క, ఇంటి చరిత్ర ఒక పక్క నడుస్తుంటాయి. ఇవాళ్టి పేజీలో ఒక్క గీత కూడా లేదు. సెలోపెహాదుకు కొడుకులు లేరు, కూతుళ్లే అన్న చోటికి రాగానే అత్త చెయ్యెత్తింది. "ఆ అయిదుగురి పేర్లు మళ్ల చదువు." మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా. "రేపు వీళ్లే మోషే ముంగట నిలబడి మా నాయిన భూమిల మాకు పాలు ఏదని అడుగుతరు" అంది. మనవడు తలెత్తి చూశాడు. రేపటి అధ్యాయం మీద వాడికి ఆసక్తి పుట్టింది.

ఇక ప్రార్థన. ఇప్పటిదాకా జనగామ యాసలో మాట్లాడిన అత్త కళ్లు మూసుకోగానే పాత బైబిలు తెలుగులోకి వెళ్లిపోతుంది. పరలోకమందున్న తండ్రీ అని మొదలుపెట్టి, ఈ ఉదయకాలమందు మమ్మును లేపినందుకు స్తోత్రము అంటుంది. అడిగేవి మాత్రం ఈ సందులోని సంగతులే. కింది పోర్షన్ ఆయన డయాలిసిస్, వాచ్‌మన్ కూతురి పురుడు, కొడుకు ఇంటి లోన్, అమెరికాలో ఉన్న అల్లుడి వీసా. ఒక్కొక్కరినీ పేరు పెట్టి, తొందర లేకుండా తలుచుకుంటుంది.

సరిగ్గా ఆ వేళకే కింద నుంచి కేక. "నల్లా వచ్చింది!" ఈ సందుకు నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. కోడలు లేచి, కొంగు సర్దుకుని, మోటారు వేసి, పాలు దించి, మళ్లీ వచ్చి మోకరించింది. అత్త గొంతు ఆగలేదు, హెచ్చలేదు. మోటారు రొదలోనే ప్రార్థన సాగింది. భక్తి అంటే చప్పుడు లేని గది కావాలని, కొండ కావాలని మనం అనుకుంటాం. పిల్లలున్న ఇంట్లో, నల్లా రోజున, అయిదింటికి లేచే ఆడవాళ్లకు అలాంటి గది ఎప్పుడు దొరకాలి? వీళ్లు దాని కోసం ఆగలేదు. ఉన్న రొదలోనే ఒక అరగంట దేవుడికని తీసి పెట్టారు.

చివర్లో ఒక పేరు వస్తుంది. మామయ్య తమ్ముడిది. ఊళ్లో పొలం పంపకంలో మాటలు తెగిపోయాయి, రాకపోకలు లేవు. ఆ పేరు దగ్గర ఆమె గొంతు కాస్త బిగుస్తుంది. అయినా పలుకుతుంది. అతని ఆరోగ్యం గురించి, అతని కొడుకు పెళ్లి గురించి అడుగుతుంది. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమెన్. కాఫీ గ్లాసులు అందుకున్నాక ఆ సంగతి నేనే కదిపాను. ఆయన మీద కోపం పోయిందా అత్తా?

"ఏం పోయింది? ఉన్నది. గానీ పొద్దుగాల ఆయన పేరు దేవుని దగ్గర తీసి, మళ్ల పదింటికి తిట్టుడెట్ల? నోరొస్తదా?"

ఈ భక్తి గురించి నేను చెప్పదలచుకున్నదంతా ఆమె రెండు ముక్కల్లో చెప్పేసింది. సమాధానం, అంటే మనశ్శాంతి, ప్రార్థన చివర చేతికొచ్చే బహుమానం అనుకుంటాం. ఆమె జీవితంలో అది పదింటికి నోటిదాకా వచ్చి ఆగిపోయిన తిట్టు. రేపు పొద్దున మళ్లీ ఆ పేరు పలకాలి కాబట్టి ఇవాళ నాలుక జాగ్రత్తగా ఉంటుంది. ఇలా ఎన్నో పొద్దులు పోగుపడితే మనిషి మెత్తబడతాడు. ఒక్క రాత్రి సభలో కన్నీళ్లు పెట్టుకుంటే ఆ మెత్తదనం రాదని నా నమ్మకం. ఈ మధ్య కొన్ని చోట్ల భక్తి అంటే స్పీకర్ల పెట్టెలు, వేదిక మీద అద్భుతాల వరసే అయిపోయింది. వాటికి వెళ్లేవాళ్ల బాధ నిజమైనదే. కానీ సభ ముగిశాక ఆ బాధతో ఇంటికొచ్చినవాళ్లకు మర్నాటి పొద్దున ఏం చెయ్యాలో ఎవరైనా నేర్పారా?

ఎనిమిది కావస్తోంది. సీతాఫల్‌మండి, చిలకలగూడ దాటి ముషీరాబాద్ వైపు దిగాం. ఎడతెగని ఆటోలు, నెత్తి మీద మెట్రో స్తంభాల వరస. గాంధీ ఆసుపత్రి గేటు ముందు ఇడ్లీ బండ్ల దగ్గర రాత్రంతా మేలుకున్న మొహాలు. లోపల మనవాళ్లున్నప్పుడు బయట కూర్చోవడం ఎలా ఉంటుందో ఈ ఫుట్‌పాత్ మీదివాళ్లకు తెలుసు. 2003లో గాంధీ ఆసుపత్రి సికింద్రాబాద్ నుంచి ఇక్కడికి మారింది. దానికి ముందు ఈ స్థలంలో ముషీరాబాద్ జైలు ఉండేది. చింతపడవద్దని, బుద్ధికి అందని సమాధానం మీ హృదయాలకు కావలి ఉంటుందని ఫిలిప్పీయులకు రాసేటప్పుడు పౌలు సంకెళ్లలో ఉన్నాడు. ఆ పత్రిక చదివిన ప్రతిసారీ నాకు ఈ గేటు గుర్తొస్తుంది. ఒకనాడు జైలు గోడలున్న చోటే ఇప్పుడు మంచాలున్నాయి. సమాధానం గురించి మాట్లాడాలంటే ఇలాంటి చోట నిలబడి మాట్లాడాలి.

నైట్ డ్యూటీ దిగిన నర్సు ఒకామె బస్సు కోసం నిలబడింది. మా సంఘస్థురాలే. "వందనాలండి" అంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆమె హ్యాండ్‌బ్యాగులో జిప్పు బైబిలు, 'ఎడారిలో సెలయేర్లు' ఉంటాయని నాకు తెలుసు. తెలుగిళ్లలో బాగా తిరిగిన అనుదిన ధ్యానాల పుస్తకం అది. మంచాన పడ్డ భర్తకు ఏళ్ల తరబడి సేవ చేసిన లెట్టీ కౌమన్ అనే అమెరికా మిషనరీ, ఆయన పోయిన మరుసటి ఏడాది, 1925లో, దాన్ని అచ్చువేయించింది. రోగి పక్కన కూర్చున్నవాళ్లకు ఆ పుస్తకం ఎందుకు దగ్గరైందో వేరే చెప్పక్కర్లేదు.

"రాత్రి ఎట్లుండె సిస్టర్?"

"ఒక బాబు పోయిండు. మూడింటికి." కాసేపాగి, "ఇయాల ఎనభై ఎనిమిదో కీర్తన చదువుకున్నా" అంది.

కీర్తనలు 150. వాటిలో మొరపెట్టేవి చాలా ఉన్నా, దాదాపు అన్నీ చివరికి ఏదో ఒక స్తుతి దగ్గరికి వచ్చి చేరతాయి. ఎనభై ఎనిమిదోది చేరదు. మొర పెడుతూ పెడుతూ చీకటి దగ్గరే ఆగిపోతుంది. దాన్ని కూడా తీసేయకుండా అలాగే ఉంచారు, తరతరాలుగా చదువుతున్నారు. మూడింటికి ఒక బిడ్డ కళ్లు మూసిన ఆమెకు ఆ పొద్దున స్తుతి కీర్తన నోటికి రాదు. ఆమె చెయ్యగలిగింది ఇంకొకరి మొరను తన మొరగా చదువుకోవడం. రోజూ తెరిచే అలవాటు ఉండబట్టే అది ఏ పేజీలో ఉందో ఆమె చేతులకు తెలుసు. 2020లో ఈ ఆసుపత్రిని కోవిడ్ రోగుల కోసమే కేటాయించినప్పుడు కూడా ఆమె ఇక్కడే పనిచేసింది. ఆ రోజుల గురించి అడిగితే తల అడ్డంగా ఊపుతుంది, అంతే. బస్సు వచ్చింది. ఎక్కి వెళ్లిపోయింది.

మనం దక్షిణంగా నడుద్దాం. ముషీరాబాద్ చౌరస్తా దాటితే గోల్కొండ చౌరస్తా. అక్కడ హెబ్రోను అనే ఆరాధన మందిరం. ఆదివారం కాబట్టి తెల్లబట్టలు, చంకలో బైబిళ్లు, చేతుల్లో సీయోను గీతములు, పిల్లల్ని ఎత్తుకున్న తల్లులు. చెప్పులన్నీ బయట. లోపల కుర్చీల వరసలుండవు, చాపలు. ఒక పక్క మగవాళ్లు, ఒక పక్క కొంగు కప్పుకున్న ఆడవాళ్లు. నేల మీద కూర్చుంటే పక్కవాళ్ల మోకాలు తగులుతుంది. ఖాళీ చూసుకుని మీరూ కూర్చోండి, కాస్త జరుగుతారు.

ఈ చోటును నిలిపిన మనిషి తెలుగువాడు కాదు. భక్త్ సింగ్ 1903 జూన్ 6న పంజాబులో, ఇప్పటి పాకిస్తాన్‌లో ఉన్న జోయియా గ్రామంలో సిక్కు కుటుంబంలో పుట్టాడు. చదువుకునే రోజుల్లో చేతికిచ్చిన బైబిలును చింపేసి, తోలు అట్ట బాగుందని అది మాత్రం ఉంచుకున్నాడు. ఇంజనీరింగ్ చదవడానికి ఇంగ్లండు వెళ్లాడు. 1928లో కెనడాకు ఓడలో పోతూ, తోటి ప్రయాణికులతో పాటు ఒక ఆరాధనకు వెళ్లి కూర్చున్నాడు. ప్రసంగం జరుగుతుంటే నిద్రపోయాడు. మెలకువ వచ్చేసరికి అందరూ మోకాళ్ల మీద ఉన్నారు. తానొక్కడే లేచి పోతే మర్యాద కాదనిపించి తానూ మోకరించాడు. వంగిన ఆ క్షణంలో తనలో ఏదో మారిపోయిందని తర్వాత జీవితమంతా చెప్పేవాడు. మర్నాడే భక్తుడైపోలేదు. 1929 డిసెంబరులో, విన్నిపెగ్‌లో, ఒక మిత్రుడి దగ్గర తీసుకున్న కొత్త నిబంధన చదువుతూ క్రీస్తుకు తన్ను అప్పగించుకున్నాడు. చింపిన పుస్తకాన్నే ఆ తర్వాత మోకాళ్ల మీద ఉండి మొదటి నుంచి చివరిదాకా మళ్లీ మళ్లీ చదివాడు.

1933లో బొంబాయిలో దిగినప్పుడు ఆయన చేతిలో ఉద్యోగం లేదు, వెనక ఏ మిషనూ లేదు. తన అవసరాలు ఏ మనిషికీ చెప్పకూడదు, దేవుడికే చెప్పుకోవాలి అన్నది ఆయన పెట్టుకున్న నియమం. 1941లో మద్రాసులో యెహోవా షమ్మా అనే ఆరాధన స్థలం మొదలైంది. 1950ల్లో హైదరాబాదు వచ్చాక ఈ హెబ్రోనే ఆయన ఇల్లయింది. అబ్రాహాము గుడారం వేసుకుని బలిపీఠం కట్టిన ఊరి పేరు దీనికి పెట్టారు. చివరి ఏళ్లు పార్కిన్సన్ జబ్బుతో మంచం మీదే గడిచాయి. వేల మందికి వినిపించిన గొంతు ఆగిపోయింది. 2000 సెప్టెంబర్ 17న, 97 ఏళ్ల వయసులో ఇక్కడే కన్నుమూశారు. నారాయణగూడ సమాధుల తోటకు తీసుకెళ్లిన రోజు ఈ రోడ్లన్నీ జనం. ఆయన జీవితం గురించి చెప్పేవాళ్లు ఆ జనసందోహం దగ్గరే ఎక్కువసేపు ఆగుతారు. నాకు మాత్రం ఎవరూ చూడని పొద్దుల్లో పుస్తకం ముందు వంగిన ఆ మోకాళ్లే పెద్ద విషయం. ఆయన చేతి కింద పెరిగిన ముసలివాళ్లను అడగండి. ప్రసంగాల కంటే ముందు, తెల్లవారకముందే లేచి వాక్యం చదువుకోవడం నేర్పారనే చెబుతారు.

ఆరాధన మొదలైంది. ఇక్కడ ఒక్క ప్రసంగికుడే ముందుండి నడిపించడు. ఎవరి హృదయం కదిలితే వాళ్లు చాప మీద నుంచే స్తుతి చెల్లిస్తారు. ఒక మూల నుంచి ముసలి గొంతు, మరో మూల నుంచి పడుచు గొంతు. ఈ వారమంతా వాళ్లు ఏం చదివారో ఆ స్తుతిలో తెలిసిపోతుంది. సోమవారం నిర్గమకాండంలో దొరికిన ముక్క ఒకరిది, శుక్రవారం ఉపవాస ప్రార్థనలో తగిలిన మాట ఇంకొకరిది. ఇంటి దగ్గర ఆరు పొద్దులు ఖాళీగా పోయి ఉంటే ఈ ఆదివారం ఎవరికీ మాట దొరకదు. తర్వాత రొట్టె విరుస్తారు. ఆ పైన వాక్యం. గంటలు గడుస్తాయి. పిల్లలు తల్లి ఒళ్లోనే నిద్రపోతారు, లేస్తారు, మళ్లీ నిద్రపోతారు.

అన్నీ ముగిశాక ప్రేమ విందు. పొడుగాటి వరసల్లో అందరూ నేల మీద కూర్చుంటారు. అన్నం, కూర, వడ్డించేవాళ్ల పరుగులు. ఏ కులం, ఏ ఉద్యోగం అని ఎవరూ అడగరు. ఈ పద్ధతి మొదలైన కాలంలో, ఊళ్లలో మంచినీళ్ల బావులే వేరుగా ఉన్నప్పుడు, ఇలా వరసలో కూర్చుని తినడం ఎంత పెద్ద సంగతో మా పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. లోపల సమాధానం కుదిరిన మనిషి పక్కన ఎవరు కూర్చున్నా జరిగి చోటిస్తాడు. ఇవ్వకపోతే పొద్దున చేసిన ప్రార్థనను నేను అనుమానిస్తాను.

మీ పక్కన ఒక పెద్దాయన కూర్చున్నారు. తెల్ల చొక్కా, జేబులో పెన్ను. మీకు రెండోసారి అన్నం వడ్డించమని ఆయనే కేక వేశారు. తిని, చెయ్యి కడుక్కుని వచ్చి, జేబులోంచి అరచేతంత నోట్‌బుక్ తీశారు. పేజీలన్నీ పేర్లు, పక్కన తేదీలు, కొన్నింటికి టిక్కులు.

"కొత్తగా వచ్చినట్టున్నరు. ఎవరి కోసమన్న ప్రార్థన చెయ్యాల్నా?"

మీరు మొహమాటపడతారు. తర్వాత అమ్మ మోకాలి ఆపరేషన్ సంగతి చెబుతారు.

"అమ్మ పేరు?" రాసుకున్నారు. "ఎప్పుడు?"

"గురువారమండి."

"పొద్దుగాలనా, మధ్యాహ్నమా? టైం సరిగ చెప్పుండ్రి. నేను అయిదింటికి ఎట్లాగూ లేస్తా, అప్పుడు తలుసుకుంటా. లోపలికి తీస్కపోయే టైంకు గూడ ఇంకోసారి కూసుంటా."

"ఎనిమిదింటికన్నారు."

గురువారం, ఎనిమిది అని రాసుకుని, కింద గీత గీశారు. "వెనక డబ్బుల సంగతేమన్న ఉన్నదా? అది గూడ చెప్పుండ్రి, రాసుకుంటా."